చెయ్యి పెట్టకుండా నేర్పడం: స్కూబా ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేసే పనిలో ఒక బెజవాడ కేస్

ఈ కేస్‌లో ఇద్దరున్నారు. ఒకరు పటమట అమ్మాయి. కొన్ని సీజన్లుగా అండమాన్‌లో స్కూబా ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తోంది, కొత్తవాళ్లకు ఓపెన్ వాటర్ కోర్సు చెప్పడంలో దిట్ట. రెండో మనిషి గుంటూరు బ్రాడీపేట కుర్రాడు. అక్కడే డైవ్ మాస్టర్, అంటే ఇన్‌స్ట్రక్టర్‌కు కింది మెట్టు. ఇన్‌స్ట్రక్టర్ కావాలని పట్టుదలగా ఉన్నాడు. అతన్ని ఆమె తయారుచేయాలి. ఆమెను నేను తయారుచేయాలి. నేను పాడీ అనే అంతర్జాతీయ డైవింగ్ శిక్షణ సంస్థలో కోర్స్ డైరెక్టర్‌ని, అంటే ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణ ఇవ్వడమే నా పని. ఇద్దరూ సరేనన్నాకే ఇది రాస్తున్నాను, పేర్లు మాత్రం వద్దనుకున్నాం.

అమ్మాయి నా దగ్గరికి వచ్చేసరికి ఎమ్మెస్‌డీటీ, అంటే మాస్టర్ స్కూబా డైవర్ ట్రైనర్. 25 మందికి సర్టిఫికెట్లు ఇచ్చి, ఐదు స్పెషాలిటీ కోర్సులు చెప్పే అర్హత సంపాదించుకుంటే వచ్చే హోదా అది. కార్డు బాగానే ఉంది, బతుకే అలాగే ఉంది. సీజన్ అంతా పొద్దున్నే సిలిండర్లు మోయడం, రోజుకు నాలుగైదు సార్లు నీళ్లలోకి దిగి పైకి రావడం, సైనస్ పట్టేయడం, నడుం నొప్పి. జూన్‌లో వానలు మొదలై సముద్రం పోటెత్తితే ఇంటికి రావడం. వచ్చాక వాళ్లమ్మగారి ప్రశ్న: "ఎన్నాళ్లే ఈ నీళ్లల్లో?"

ఆ ప్రశ్నకు డైవింగ్‌లో దొరికే జవాబులు తక్కువే. సొంతంగా సెంటర్ పెట్టడం, బోటు కొనడం, లేదంటే ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేసే వైపు వెళ్లడం. మొదటి రెండింటికీ పెట్టుబడి కావాలి. మూడోదానికి కావలసింది ఓపిక. ఆమె మూడోది ఎంచుకుంది.

పాడీలో ఆ దారి ఇలా ఉంటుంది. ఎమ్మెస్‌డీటీ తర్వాత ఐడీసీ స్టాఫ్ ఇన్‌స్ట్రక్టర్. ఐడీసీ అంటే ఇన్‌స్ట్రక్టర్ డెవలప్‌మెంట్ కోర్సు. అందులో అభ్యర్థులకు మార్కులు వేయడం, తప్పులు చెప్పడం, దిద్దడం స్టాఫ్ పని. అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ కోర్సు సొంతంగా చెప్పుకునే హక్కు కూడా వస్తుంది. ఆ పైన మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్. దానికి కనీసం 2 ఏళ్ల ఇన్‌స్ట్రక్టర్ అనుభవం, 150 సర్టిఫికేషన్లు, రెండు పూర్తి ఐడీసీల్లో స్టాఫ్‌గా చేసిన పని లెక్కలోకి వస్తాయి. ఆ పైన కోర్స్ డైరెక్టర్. డబ్బు కడితే దొరికేది కాదది, దరఖాస్తు పెట్టుకుంటే వాళ్లు ఎంచుకోవాలి. ఎస్‌ఎస్‌ఐ, సీమాస్ లాంటి ఇతర సంస్థల్లోనూ ఇలాంటి మెట్లే ఉన్నాయి, పేర్లు వేరు.

ఒక మాట ముందే చెప్పాలి. స్టాఫ్ ఇన్‌స్ట్రక్టర్ కార్డు తీసుకుని, దాన్ని బయోడేటాలో పెట్టుకుని, మళ్లీ ఎప్పుడూ ఐడీసీ మొహం చూడనివాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కార్డుతో జీతం పెద్దగా పెరగదు. మన దేశంలో ఐడీసీలు ఏడాదికి జరిగేవే కొన్ని, వాటికి వచ్చే అభ్యర్థులూ తక్కువే. పని నిజంగా వచ్చినవాళ్లనే మళ్లీ మళ్లీ పిలుస్తారు. అందుకే ఆమెకు కార్డు సంగతి పక్కన పెట్టి ముందు పని నేర్పాలనుకున్నాను.

సముద్రం లేని ఊళ్లో

అసలు ఐడీసీ, ఆ తర్వాత జరిగే ఐఈ, అంటే ఇన్‌స్ట్రక్టర్ ఎగ్జామినేషన్, రెండూ అండమాన్‌లోని ఒక డైవ్ సెంటర్‌లో జరిగాయి. కానీ ఈ కేస్‌లో ముఖ్యమైనదంతా వానాకాలంలో విజయవాడలో పెట్టుకున్న ముందస్తు తయారీలోనే జరిగింది. థియరీకి పటమటలో వాళ్లింటి హాలు, నీళ్ల పనికి ఊళ్లోనే ఒక స్విమ్మింగ్ పూల్.

పూల్ అనుమతి కష్టమేమీ కాలేదు, పిల్లల బ్యాచ్‌లు వెళ్లిపోయాక ఇస్తామన్నారు. వాళ్ల భయమంతా టైల్స్ గురించే. అల్యూమినియం సిలిండర్ జారిపడితే టైలు పగలడం ఖాయం. పాత రబ్బరు మ్యాట్లు పరిచి, సిలిండర్లను ఎప్పుడూ పడుకోబెట్టే ఉంచుతామని మాటిచ్చాం. సిలిండర్లు విశాఖ నుంచి వ్యాన్‌లో తెప్పించాం. పీల్చుకునే గాలి నింపే కంప్రెసర్ వేరు, పంక్చర్ షాపులో టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ వేరు. ఈ మాట ఇక్కడ చాలామందికి చెప్పాల్సి వచ్చింది.

ఇంకో ప్రశ్న కూడా రోజూ వచ్చేది: పక్కనే కృష్ణ ఉండగా పూల్ ఎందుకని. బ్యారేజీ పైన నీళ్లలో చెయ్యి చాస్తే చెయ్యే కనపడదు. వలలుంటాయి, బోట్లు తిరుగుతాయి, పైనుంచి వరద వస్తే గేట్లెత్తుతారు. 2024 సెప్టెంబరు వరదల్లో బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దుకున్నప్పుడు, డైవర్లు నీళ్లలోకి దిగి వాటిని కోయడానికి పడిన పాట్లు ఊరంతా చూసింది. అది కమర్షియల్ డైవింగ్, దాని శిక్షణ వేరు, పరికరాలు వేరు. మేం చేసేది సరదాకి డైవ్ చేసేవాళ్లకు నేర్పే పని. మొదటి పాఠాలకు నీళ్లు తేటగా, కదలకుండా ఉండాలి.

మాస్క్ దగ్గర మొదలైంది

కన్‌ఫైన్డ్ వాటర్ ప్రెజెంటేషన్ అంటే పూల్‌లో ఒక స్కిల్‌ని నేర్పి చూపించడం. ఐఈలో కూడా ఇదే ఉంటుంది. విద్యార్థుల వేషం వేసేది తోటి డైవర్లే. వాళ్లలో ఒకరికి పరీక్షకుడు చాటుగా ఒక తప్పు చెయ్యమని చెప్తాడు. ఇన్‌స్ట్రక్టర్ దాన్ని పట్టుకోవాలి, సరిచేయించాలి. మార్కులు ఐదుకి. సగటు కనీసం 3.4 రావాలి.

ఆ రోజు మాకు విద్యార్థులుగా దొరికింది హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు డైవ్ మాస్టర్లు. స్కిల్, పూర్తిగా నీళ్లు నిండిన మాస్క్‌ని, అంటే కళ్లనీ ముక్కునీ కప్పే అద్దాన్ని, నీళ్లలోనే ఖాళీ చేయడం. ఇద్దరిలో ఒకమ్మాయికి నేను చెప్పిన తప్పు, గాలిని ముక్కుతో కాకుండా నోటితో వదలమని.

ఆమె మాస్క్ నిండా నీళ్లు నింపుకుంది, ఊపిరి వదిలింది. బుడగలన్నీ రెగ్యులేటర్, అంటే నోట్లో పెట్టుకుని సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం, పక్కల నుంచి పోయాయి. మాస్క్ అంచు నుంచి ఒక్క బుడగ కూడా రాలేదు. ఇన్‌స్ట్రక్టర్‌కు ఆ గుర్తు చాలు. గుంటూరు కుర్రాడు టక్కున పట్టేశాడు. పట్టిన మరుక్షణం ముందుకు జరిగి, తన అరచేత్తో ఆమె మాస్క్ పై అంచు నొక్కి, రెండో చేత్తో గడ్డం పైకెత్తి, ముక్కు వైపు వేలు చూపించాడు. నీళ్లన్నీ జారిపోయాయి. ఓకే సైగ చేశాడు, చేతులు కలిపాడు, తర్వాతి విద్యార్థి దగ్గరికి వెళ్లిపోయాడు.

పటమట అమ్మాయి స్కోర్ షీట్‌లో 4 వేసింది. నేను 2 వేశాను.

"సార్, తప్పు పట్టుకున్నాడు కదా. స్కిల్ కూడా అయింది. రెండేంటి?"

"అయింది. ఎవరు చేశారు?"

ఆమె షీట్ వైపు చూసింది కానీ జవాబు చెప్పలేదు.

పాడీ నియమాల్లో ఒక విద్యార్థికి స్కిల్ వచ్చిందనడానికి కొలమానం ఉంది. ఆ స్థాయి డైవర్ నుంచి ఆశించేంత మేరకు తడబడకుండా, సౌకర్యంగా, మళ్లీ మళ్లీ చేయగలగాలి. ఇక్కడ మాస్క్ నొక్కింది కుర్రాడి చెయ్యి, తల ఎత్తింది కుర్రాడి చెయ్యి. విద్యార్థి చేసింది ఊపిరి వదలడమే. ఇంకోసారి చేయమని అడగనైనా లేదు. రేపు ఆమె పద్దెనిమిది మీటర్ల లోతులో ఎవరి కాలి ఫిన్నో తగిలి మాస్క్ నిండిపోతే, పక్కన ఈ చెయ్యి ఉండదు.

అతని వైపు నుంచి చూస్తే ఆ అలవాటుకు కారణం ఉంది. డైవ్ మాస్టర్‌గా అతను ఎక్కువగా చూసింది డిస్కవర్ స్కూబాకు వచ్చే టూరిస్టులను. వాళ్లు జీవితంలో మొదటిసారి నీళ్లలో ఊపిరి తీసుకునేవాళ్లు. అక్కడ సహాయకుడి చెయ్యి వాళ్ల మీద నుంచి తీయకూడదు. బీసీడీలోకి, అంటే తేలడానికి వేసుకునే గాలి జాకెట్‌లోకి, గాలి కొట్టేదీ, మాస్క్ సర్దేదీ, తిప్పేదీ అంతా మనమే. టూరిస్టు బాగుందని వెళ్లిపోతాడు, మంచి రివ్యూ వస్తుంది. ఇన్‌స్ట్రక్టర్‌గా మారేటప్పుడు ఆ చెయ్యిని వెనక్కి తీసుకోవడమే అసలు కష్టం.

చెయ్యి వెనక్కి తీసుకోమంటే దూరంగా నిలబడమని కాదు. విద్యార్థి రెగ్యులేటర్ ఉమ్మేసినా, ఊపిరి బిగబట్టి పైకి లేచినా ఆలోచించే టైమే ఉండదు, పట్టుకోవాలి. మీటరున్నర లోతు నుంచి ఊపిరి బిగబట్టి పైకొచ్చినా ఊపిరితిత్తులకు ప్రమాదమే. కాబట్టి ఎప్పుడూ చెయ్యి అందేంత దగ్గర్లోనే ఉండాలి. అలా ఉంటూనే, ప్రాణం మీదికి రాని తప్పుని విద్యార్థి చేతే దిద్దించాలి. సైగ చేయాలి, చేసి చూపించాలి, ఆగాలి, మళ్లీ చేయించాలి. ఆ 'ఆగడం' దగ్గరే కొత్త ఇన్‌స్ట్రక్టర్లకు టెన్షన్.

దిద్దే మనిషిని దిద్దడం

ఇక్కడిదాకా కుర్రాడి సంగతి. నాకు ఆసక్తి ఉన్నది ఆమె మీద.

పూల్ గట్టు మీద కూర్చుని ఆమె అతనికి డీబ్రీఫింగ్ ఇచ్చింది, అంటే ఎలా చేశాడో చెప్పింది. తప్పుల్లో దేన్నీ వదల్లేదు. బ్రీఫింగ్‌లో ఈ స్కిల్ ఎందుకు అవసరమో చెప్పలేదన్నది, సైగలు ఒకసారి చూపించి వదిలేశావన్నది, రెండో విద్యార్థికి వీపు చూపించావన్నది, డెమోలో మాస్క్ వేగంగా తీశావన్నది, చివరికి చెయ్యి పెట్టడం గురించీ చెప్పింది. అన్నీ నిజాలే. కుర్రాడు మొదట్లో తడి స్లేట్ మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు, కాసేపటికి పెన్సిల్ ఆగిపోయింది. తల మాత్రం ఊపుతున్నాడు. "సరే అక్కా, సరే అక్కా."

ఆ తర్వాత ఆమెను పక్కకు పిలిచి అడిగాను, తమ్ముడు రేపు ఏం మార్చుకుంటాడంటావని. "అన్నీ చెప్పాను కదా సార్" అంది. వెళ్లి అతన్నే అడుగు అన్నాను. అతను చెప్పింది ఒక్కటే, డెమో మెల్లగా చేస్తానని. అసలు విషయమైన చెయ్యి సంగతి చివర్లో వచ్చింది కాబట్టి అతని తలకెక్కలేదు.

గమనిస్తే ఆమె చేసిందీ అదే. అతను విద్యార్థి మాస్క్‌ని తన చేత్తో నొక్కాడు. ఈమె అతని ప్రెజెంటేషన్‌ని తన నోటితో దిద్దింది. రెండుచోట్లా నేర్చుకోవాల్సిన మనిషి ఖాళీగా కూర్చున్నాడు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. అభ్యర్థి నీళ్లలోంచి బయటికి రాగానే ముందు మాట్లాడేది అతనే: ఏం చూశావు, ఎప్పుడు చూశావు, ఏం చేశావు. అతను చెప్పాక ఆమె నిజంగా బాగున్నదాన్ని ఒకటి చెప్పాలి, మార్చుకోవాల్సింది ఒకటి చెప్పాలి, దానికి ఏం చేయాలో అతనితోనే చెప్పించాలి. మిగిలిన తప్పులు షీట్‌లో ఉంటాయి, సాయంత్రం చదువుకుంటాడు. ఆమెకు ఇది నచ్చలేదు. తెలిసి చెప్పకపోవడం మోసమనిపిస్తోంది సార్ అంది. నిజమే, మంచి టీచర్లకు అలాగే అనిపిస్తుంది.

లంగరు లెక్క

మార్పు వచ్చింది పూల్‌లో కాదు, హాల్లో వైట్ బోర్డు ముందు. ఐఈ థియరీలో ఐదు భాగాలు: ఫిజిక్స్, ఫిజియాలజీ, పరికరాలు, స్కిల్స్-పర్యావరణం, డైవ్ ప్లానర్. ఒక్కోదాంట్లో 75 శాతం రావాలి. కుర్రాడికి భయమంతా ఫిజిక్స్ మీదే.

ఆ రోజు లెక్క ఇది. 300 కిలోల లంగరు సముద్రంలో 30 మీటర్ల లోతున పడి ఉంది. అది 100 లీటర్ల నీటిని పక్కకు నెడుతోంది. మునగకుండా, పైకి లేవకుండా ఉండాలంటే దానికి కట్టిన లిఫ్ట్ బ్యాగులో, అంటే గాలి నింపి బరువులు లేపే సంచిలో, ఎంత గాలి కావాలి?

అతను 300ని 1.03తో భాగించి 291 లీటర్లు అని రాశాడు. ఆమె అప్పటికే మార్కర్ తీసుకుని లేచింది. కూర్చోమని సైగ చేశాను. కూర్చుంది, మార్కర్ మాత్రం వదల్లేదు. కొంచెం సేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆమె ఒకే ప్రశ్న వేసింది.

"తమ్ముడూ, బ్యాగు కట్టకముందు ఆ లంగరు బరువు మొత్తం నేలే మోస్తోందా?"

అతను బోర్డు వైపు చూసి, "నీళ్లు కూడా కొంత మోస్తాయి అక్కా" అన్నాడు.

"ఎంత?"

సముద్రపు నీరు లీటరు 1.03 కిలోలు. వంద లీటర్ల నీటిని నెట్టింది కాబట్టి 103 కిలోలు నీళ్లే మోస్తున్నాయి. మిగిలింది 197. దాన్ని 1.03తో భాగిస్తే సుమారు 191 లీటర్లు. అతనే చేశాడు. ఆ గాలి పైనుంచి పంపాలంటే ఎంత కావాలని కూడా అతనే అడిగి, 30 మీటర్ల దగ్గర పీడనం 4 బార్లు కాబట్టి సుమారు 765 లీటర్లని తేల్చాడు. ఆమె వెంటనే, అదే లంగరు కృష్ణలో పడితే అంది. మంచినీళ్లు లీటరు కిలో, కాబట్టి 100 పోగా 200 లీటర్లు అని బోర్డు ముట్టుకోకుండానే చెప్పాడు.

అక్కడి నుంచి మాట వెయిట్ బెల్టుల మీదికి, అంటే డైవర్ మునగడానికి నడుముకు కట్టుకునే బరువుల మీదికి, మళ్లింది. మనిషి, గేర్ కలిపి 100 కిలోలుండి పూల్‌లో సరిగ్గా నిలబడితే, సముద్రంలో ఇంకో 3 కిలోలు కట్టుకోవాలి. ఇది అతనికి పనిలో ఎప్పటినుంచో తెలుసు, ఎందుకో తెలియదు. తెలిసినదానికి కారణం దొరికినప్పుడు అభ్యర్థి ముఖంలో వచ్చే మార్పు చూడడానికే ఈ ఉద్యోగం చేయొచ్చు.

ఆ తర్వాత స్టాండర్డ్స్, అంటే పాడీ నియమాల, పరీక్ష తయారీ తొందరగానే అయిపోయింది. అది పుస్తకం చూసి రాసే పరీక్ష. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది విద్యార్థులుండొచ్చనే నిష్పత్తులన్నీ ఆమెకు కంఠస్థం. ఓపెన్ వాటర్ కోర్సులో సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎనిమిదిమంది, డిస్కవర్ స్కూబాలో నలుగురు. అతను అడిగితే జవాబు చెప్పడం మానేసి "ఏ పేజీలో ఉందో చూడు" అనడం నేర్చుకుంది. ఒక్కటి మాత్రం నేనే కల్పించుకుని చెప్పాను: ఆ అంకెలు గరిష్ఠాలు. నీళ్లు మసకగా ఉన్న రోజున ఎనిమిది అనే అంకెను పట్టుకుని వాదించే ఇన్‌స్ట్రక్టర్‌ని నేను పాస్ చేయను.

సముద్రంలో

సీజన్ మొదలయ్యాక ఇద్దరూ అండమాన్ వెళ్లారు. ఐడీసీకి అతని అర్హతలు సరిపోయాయి. మొదలుపెట్టడానికి 60 డైవ్‌లు, ఐఈకి 100, డాక్టర్ సంతకం, ఈఎఫ్‌ఆర్, అంటే ప్రథమ చికిత్స, ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ. ఆమె స్టాఫ్ కోర్సు కూడా నా దగ్గరే, ఆ ఐడీసీతోపాటే నడిచింది.

రెస్క్యూ అభ్యాసం మీద ఎక్కువ సమయం పెట్టాం. స్పృహ లేని డైవర్‌ని నీటి మీద ఈడ్చుకొస్తూ, ఐదు సెకన్లకోసారి ఊపిరి ఊదుతూ, మధ్యలో అతని గేర్, మన గేర్ విప్పాలి. కుర్రాడు బలంగా ఉంటాడు, ఈడ్చడం సమస్య కాలేదు. బకిల్ విప్పే తొందరలో ఊపిరి లెక్క తప్పేది. ఆమె తప్పు చెప్పలేదు. తనే బాధితురాలిగా పడుకుని, ఊపిరి ఆలస్యమైన ప్రతిసారీ వేలితో అతని భుజం మీద తట్టింది. ఆపకుండా, మాట్లాడకుండా. కొన్ని రౌండ్ల తర్వాత ముందు ఊపిరి, తర్వాత బకిల్ అనే క్రమం అతని చేతుల్లోకి వచ్చేసింది. అది నేను చెప్పిన ఉపాయం కాదు. నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఐఈ రెండు రోజులు. పరీక్షకుడు పాడీ నుంచి వస్తాడు, శిక్షణ ఇచ్చినవాళ్లకు మార్కుల్లో జోక్యం ఉండదు. ఓపెన్ వాటర్ ప్రెజెంటేషన్‌లో అతనికి వచ్చిన స్కిల్స్‌లో ఒకటి నోట్లోంచి జారిపోయిన రెగ్యులేటర్‌ని వెతికి పట్టుకోవడం. విద్యార్థి చెయ్యి వెనక్కి తిప్పకుండా ముందు వైపే తడుముకుంది. కుర్రాడు దగ్గరికి జరిగాడు. ఒక చేత్తో తన స్పేర్ రెగ్యులేటర్‌ని ఆమె నోటికి అందేలా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. రెండో చేత్తో, భుజం కిందికి వంచి చేతిని వెనక్కి తిప్పాలని తన ఒంటి మీదే చూపించాడు. ఆమె చిన్నచిన్న బుడగలు వదులుతూనే ఉంది, కాబట్టి ఆగాడు. దొరికింది. ఇంకోసారి చేయమని సైగ చేశాడు. సాయంత్రం అతనే నాకిదంతా చెప్పాడు. ఆ స్కిల్‌కు పడిన మార్కులతో సగటు దాటేశాడు. ఫిజిక్స్‌లోనూ దాటాడు, అంచు మీదే.

ఆ రెండు రోజులూ ఆమె ఒడ్డునే ఉంది. ఫలితం వచ్చాక అతనితో మొదట అన్న మాట, "నువ్వేం చూశావో చెప్పు."

ఇప్పుడు ఎక్కడున్నారు

కుర్రాడు ఈ సీజన్‌లో ఓపెన్ వాటర్ కోర్సులు సొంతంగా చెప్తున్నాడు. ఆమె స్టాఫ్ ఇన్‌స్ట్రక్టర్ అయింది, మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్ లెక్కకు ఇంకా సర్టిఫికేషన్లు కావాలి. ఆదాయం ఒక్కసారిగా పెరిగిపోలేదు. మారిందేంటంటే, వానాకాలం ఖాళీ కాలం కాకుండా పోయింది. ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకునే తెలుగువాళ్లు అండమాన్‌లో ఉన్నారు, విశాఖలో ఉన్నారు. వాళ్లకు థియరీ, ప్రెజెంటేషన్ తయారీ మొదట తెలుగులో, ఆ తర్వాత పరీక్ష జరిగే ఇంగ్లిష్‌లో చెప్పే మనిషి దొరకడం అరుదు. ఆ పని పటమట హాల్లో కూర్చుని, సిలిండర్ మోయకుండా చేసుకోవచ్చు. నడుముకు కూడా మంచిది.

ఇదే పద్ధతి అందరికీ సరిపోతుందని నేను అనను. కొందరు అభ్యర్థులకు ముందు ధైర్యం కావాలి, ప్రశ్నలు వేస్తే ముడుచుకుపోతారు. వాళ్లతో మొదటి వారమంతా చేసి చూపించడమే మేలు. ఎవరు ఏ రకమో మొదటి రెండు మూడు ప్రెజెంటేషన్లలో కనిపెట్టడమే స్టాఫ్ ఇన్‌స్ట్రక్టర్ అసలు నైపుణ్యం, దానికి స్కోర్ షీట్‌లో గడి లేదు.

వచ్చే వర్షాలకు ఇద్దరు కొత్త అభ్యర్థులు వస్తున్నారు. ఒకరు గుంటూరులో ఈత కోచ్, ఇంకా 60 డైవ్‌లు పూర్తికాలేదు, కాబట్టి ముందు థియరీతో మొదలుపెడతాం. మూల్యాంకనం, డీబ్రీఫింగ్ అంతా ఆమెదే. నేను పూల్ గట్టున కూర్చుని ఆమె షీట్ మాత్రం సాయంత్రం చూస్తాను. మధ్యలో నోరు తెరిస్తే టీ ఖర్చు నాదే అని ఇప్పటికే షరతు పెట్టింది.